పాదాలు చక్కబడ్డాక కూడా ఆ బూట్లు ఎందుకు?

కోనసీమలో రాజోలుకు దగ్గర్లోని ఒక పల్లె నుంచి ఒక యువతి పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఆమెది తొలి కాన్పు, బాబుకి ఇప్పుడు ఏడు నెలలు. పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి ముడుచుకుపోయి, అరికాళ్లు ఒకదాన్నొకటి చూస్తున్నట్టు ఉన్నాయట. డాక్టర్లు క్లబ్ ఫుట్ అన్నారు, ఇంట్లోవాళ్లు వంకర కాళ్లన్నారు. మూడో వారంలో మొదలుపెట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికొకటి చొప్పున ఆరు పిండికట్లు వేశారు, ప్రతిసారీ తొడ దాకా. ఆ తర్వాత మడమ వెనక చిన్న కోత పెట్టి, మరో మూడు వారాలు కట్టు ఉంచి, చివరికి మధ్యలో కడ్డీ ఉన్న బూట్లు ఇచ్చారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు వేశారు. ఇప్పుడు రాత్రిపూట, పగలు పడుకున్నప్పుడు వేస్తే చాలు, కానీ బాబుకి నాలుగైదేళ్లు వచ్చేదాకా మానకూడదని చెప్పారు.

చిక్కంతా ఇక్కడే. చూడబోతే పాదాలు ఇప్పుడు అందరి పిల్లల పాదాల్లాగే ఉన్నాయి. రాత్రి బూట్లు వేయగానే బాబు గుక్కపట్టి ఏడుస్తాడు. చూడలేక అత్తగారు అర్ధరాత్రి లేచి విప్పేస్తారు. "కాళ్లు సక్కగా వచ్చేశాయి గదా, ఇంకా ఆ ఇనప జోళ్లెందుకే పసోడికి? నూనె రాసి నాలుగు రోజులు సాగదీస్తే అదే సర్దుకుంటాది" అంటారు. ఆడపడుచు ఇంకాస్త ముందుకెళ్లి, ఐదో నెలలో గ్రహణం రోజున కూరగాయలు తరిగావు, దాని ఫలితమే ఇదంది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఫోన్లో ఒకరోజు "డాక్టరు చెప్పినట్టు చెయ్" అంటారు, వాళ్లమ్మ ఏడిస్తే "పోనీ నువ్వే సర్దుకో" అంటారు. ఇదిలా ఉండగా సంక్రాంతికి పుట్టింటికి, కడియం వెళ్లాలి. అక్కడ పదిమంది చుట్టాలు చూస్తారని, ఆ పది రోజులూ బూట్లు అత్తవారింట్లోనే వదిలేసి వెళ్దామనుకుంటున్నారు. "మా నాన్న ఒక్కరే ఉంచమంటారు. కానీ ఆయన నర్సరీలో మొక్కలకు తీగలు కట్టే మనిషి, ఆయనకేం తెలుస్తుందండీ" అని రాశారు. చివర్లో అడిగినవి: తప్పు నాదేనా? పసివాణ్ణి నాలుగేళ్లు అలా కట్టేసి పడుకోబెట్టడం పాపం కాదా? ఆపేస్తే ఏమవుతుంది? అత్తగారికి ఎలా చెప్పను?

అమ్మా, ముందు గ్రహణం మాట తేల్చేద్దాం. ఆరోజు మీరు కత్తిపీట ముందు కూర్చోవడానికీ మీ బాబు పాదాలకూ ఏ సంబంధమూ లేదు. ప్రపంచంలో ఎక్కడ చూసినా సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరు ఇలా పుడతారు, గ్రహణం పట్టింపు లేని దేశాల్లో కూడా. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో దాదాపు రెట్టింపు. వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి రెండు పాదాలూ వంకరగానే ఉంటాయి. ఇందులో జన్యువుల పాత్ర కొంత ఉందని తెలుసు, కానీ ఎక్కువమంది పిల్లల్లో ఫలానాదే కారణమని వేలు పెట్టి చూపించలేం. కడుపులో చోటు చాలక చివరి నెలల్లో పాదం ఒరిగిపోయే పిల్లలు వేరే ఉంటారు. వాళ్ల పాదం చేత్తో పట్టుకుంటేనే మామూలు స్థితికి వచ్చేస్తుంది. మీ బాబుది అది కాదు కాబట్టే కట్లు కావాల్సి వచ్చాయి. మీరు తిన్నదీ, తరిగినదీ, పడుకున్న తీరూ, ఏదీ దీనికి కారణం కాదు. ఆడపడుచుతో వాదించి గెలవాల్సిన పని కూడా లేదు. మీ మనసులోంచి ఆ బరువు దించేసుకోండి.

ఇక మీ నాన్నగారు. ఆయనకేం తెలుసు అన్నారు గానీ, మీ ఇంట్లో ఈ వైద్యం సారం పట్టుకున్నది ఆయనే. ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు ఫైకస్ మొక్కను వంపుకు తెచ్చేటప్పుడు ఆయన చేతుల్ని దగ్గరగా చూడండి. కొమ్మకు తీగ చుట్టి, రెండు బొటనవేళ్లూ వంపు వెనక ఆనించి, కొద్దిగా వంచి ఆపుతారు. బెరడు చిట్లే దాకా పోరు. ఆ తర్వాత నెలల తరబడి దాన్ని ముట్టుకోరు. ఆ నెలల్లో కొమ్మ లోపల కొత్త చెక్క పొరలు ఆ వంపు మీదే పెరుగుతాయి, వంపును నిలబెట్టేవి అవే. అవి పెరగకముందే తీగ విప్పితే కొమ్మ మెల్లగా పాత దారి పడుతుంది. మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది, అది ఉన్నచోటే ఉండిపోతుంది. మనిషి కణం అలా కాదు, చుట్టూ ఉన్న పాత పీచును కరిగించి కొత్తది కట్టుకోగలదు. ఆ తేడా పెద్దదే. అయినా కొద్దిపాటి బలం, ఎక్కువ కాలం అన్న లెక్క రెండు చోట్లా ఒకటే.

నేను ఎముకల డాక్టర్ని కాను, శరీర ధర్మశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని. బూటు బిగింపు, కోణం, ఎన్ని గంటలు అన్న విషయాల్లో మీ డాక్టర్ చెప్పిందే ఖరారు. లోపల ఏం జరుగుతోందో చెప్పగలను. అది తెలిస్తే రాత్రి పన్నెండింటికి పిల్లాడు ఏడుస్తున్నప్పుడు మీ చెయ్యి తడబడదని నా నమ్మకం.

వంకర పాదంలో మడమ వెనకా, చీలమండ లోపలి వైపూ ఉండే లిగమెంట్లు (ఎముకను ఎముకకు కట్టే పట్టీలు), టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) పొట్టిగా, మందంగా ఉంటాయి. కొల్లాజెన్ అనే పీచు ప్రొటీను వాటిలో మోతాదుకు మించి ఉంటుంది. వాటి లాగుడుకు పాదంలోని చిన్న ఎముకలు చోటు తప్పి లోపలికి తిరుగుతాయి. ఎముకలు అన్నాను గానీ, అప్పుడే పుట్టిన బిడ్డ పాదంలో ఎక్కువ భాగం ఇంకా మృదులాస్థే, అంటే ఎముకగా మారని మెత్తటి కణజాలమే. పాదం లోపలి అంచున ఉండే నావిక్యులర్ అనేది సుమారు మూడేళ్ల వయసు దాకా ఎముకగా మారడమే మొదలుపెట్టదు. పెరిగే మృదులాస్థి తన మీద పడే ఒత్తిడిని బట్టి రూపు మార్చుకుంటుంది. ఈ వైద్యానికి ఆధారం అదే, తొందరపడాల్సింది కూడా అందుకే.

వారం వారం డాక్టర్ చేసింది గుర్తు తెచ్చుకోండి. ఒకటి రెండు నిమిషాలు పాదాన్ని మెల్లగా బయటికి తిప్పి పట్టుకుని, వచ్చినంతలో అక్కడే కట్టు వేసి ఉంటారు. లిగమెంటులోని కొల్లాజెన్ పోగులు మామూలుగా ముడతలు పడి ఉంటాయి. నెమ్మదిగా లాగితే ఆ ముడతలు విచ్చుకుని లిగమెంటు కొంచెం సాగుతుంది. ఆ సాగిన స్థితిలోనే కొన్ని రోజులు ఉంచితే అందులోని కణాలు పీచును కొత్త పొడవుకు సర్దుకుంటాయి, ముడతలు మళ్లీ ఏర్పడతాయి. అంటే ఇంకొంచెం సాగడానికి మళ్లీ వీలు దొరికినట్టు. అప్పుడు రెండో కట్టు. ఆరు వారాల్లో జరిగింది ఇదే, ఆరుసార్లు. మడమ వెనక ఉండే పెద్ద టెండన్ ఒక్కటే ఇలా లొంగదు. దాని పోగులు మరీ దట్టం. అందుకే అక్కడ కోత పెట్టి దాన్ని విడదీశారు. మూడు వారాల్లో ఆ ఖాళీని కణాలు కొత్త పీచుతో నింపేశాయి, ఆ పీచు క్రమంగా లాగుడు ఏ దిశలో ఉందో ఆ దిశలోనే వరసలు కడుతుంది.

కణానికి ఇదంతా ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. కణం తన చుట్టూ ఉన్న పీచును ఇంటెగ్రిన్లనే ప్రొటీన్లతో పట్టుకుని ఉంటుంది. బయట పీచు సాగితే ఆ లాగుడు ఇంటెగ్రిన్ల ద్వారా కణం లోపలి యాక్టిన్ అనే ప్రొటీను పోగులకూ, అక్కడి నుంచి కేంద్రకానికీ చేరుతుంది. ఏ జన్యువు పనిచేయాలి, కొత్త పీచు ఎంత తయారుచేయాలి, పాతది ఎంత కరిగించాలి అన్నవి దాన్ని బట్టి మారతాయి. కణం పొరలో ఒత్తిడికి తెరుచుకునే ద్వారాలు కూడా ఉన్నాయి. పీజో1, పీజో2 అనే అలాంటి రెండింటిని 2010లో ఆర్డెమ్ పటపౌటియన్ బృందం కనిపెట్టింది, 2021 నోబెల్ బహుమతి ఆయనకూ డేవిడ్ జూలియస్‌కూ కలిపి ఇచ్చారు. అంతకు ముందే, 2006లో, అమెరికాలో ఇంకో ప్రయోగం జరిగింది. ఏ కణంగా మారాలో ఇంకా తేలని ఒకే రకం మూలకణాలను, ఒకే పోషక ద్రవంలో, వేరువేరు గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచారు. మెదడంత మెత్తటి జెల్ మీద ఉన్నవి నాడీకణాల వైపు, కండరమంత గట్టి జెల్ మీద ఉన్నవి కండర కణాల వైపు, ఇంకా గట్టిదాని మీద ఉన్నవి ఎముక కణాల వైపు మొగ్గాయి. కింద తగిలిన గట్టిదనమే వాటికి దారి చూపింది. కోడి పిండానికి కండరాలు కదలకుండా చేసే మందు ఇస్తే కీళ్లు బిగుసుకుపోయి పాదాలు వంకరపోవడం 1962లోనే చూశారు. ఇది చదివి కంగారు పడకండి. మీ బాబు కడుపులో ఉండగా బాగా తన్నేవాడని మీరే రాశారు. పిండం పెరిగేటప్పుడు కదలిక కూడా అవయవాన్ని మలుస్తుందని చెప్పడానికే ఈ సంగతి.

ఇప్పుడు అత్తగారి నూనె మర్దన. మన వైపు చంటిపిల్లలకు నీళ్లు పోసే పెద్దవాళ్లకు, పిల్లల ఒళ్లు మలిస్తే ఆ రూపుకు వస్తుందన్న నమ్మకం తరతరాలుగా ఉంది. తల గుండ్రంగా రావాలని నిమురుతారు, కాళ్లూ చేతులూ చాపి ఎదురుబదురుగా కలుపుతారు. ఆ నమ్మకంలో నిజం ఉంది. ఆమె తక్కువ అంచనా వేసింది కాలాన్ని. పిల్లాణ్ని ఎప్పుడూ ఒకే పక్కకు పడుకోబెడితే తల ఆ పక్క చదునవుతుందని ఆమెకు మనకంటే బాగా తెలుసు, అందుకే తల మార్చి మార్చి పడుకోబెడతారు. అక్కడ తలను చదును చేసేది తల బరువే, గంటల తరబడి. నీళ్లు పోసేటప్పుడు ఐదు నిమిషాలు ఒత్తిన చేయి అంత పని చేయలేదు. పాదం కూడా అంతే. పావుగంట సాగదీసి వదిలితే లిగమెంటు కాసేపటికి వెనక్కి వెళ్తుంది, కణాలకు పీచు సర్దుకునే సమయమే దొరకదు. మర్దన హాయిగా ఉంటుంది, బాబుకి ఆమె చేయి కావాలి కూడా, కాబట్టి మాన్పించకండి. ఒక్క జాగ్రత్త మాత్రం ఆమెకు గట్టిగా చెప్పండి: అరికాలి ముందు భాగాన్ని పట్టుకుని పైకి బలంగా నెట్టకూడదు. మడమ దిగకుండా ముందు భాగం ఒక్కటే పైకి లేస్తే పాదం మధ్యలో విరిచినట్టయి, అరికాలు కిందికి ఉబ్బుతుంది. వంకర పాదాలను బలంతో సరిచేయబోయి డాక్టర్లే ఒకప్పుడు ఇలా చెడగొట్టారు.

మీరు వాడుతున్న పద్ధతి ఇగ్నాసియో పొన్సెటి అనే వైద్యుడిది. 1914లో స్పెయిన్‌కు చెందిన మినోర్కా ద్వీపంలో పుట్టి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసి, 2009లో కన్నుమూశారు. ఆయన ఆ రంగంలోకి వచ్చేనాటికి వంకర పాదాలను పెద్ద ఆపరేషన్లతో తిన్నగా చేసేవారు. చూపుకు పాదం బాగుండేది, కానీ కోసిన చోట గట్టి మచ్చ కణజాలం పెరిగి, పిల్లలు పెద్దయ్యేసరికి పాదం బిగుసుకుపోయి నొప్పి పెట్టేది. అది చూసి ఆయన 1940ల చివర్లో మెల్లగా తిప్పి కట్టు వేసే పద్ధతికి మళ్లారు. మిగతా ప్రపంచం దాన్ని సరిగ్గా పట్టించుకోవడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. మీ బాబు ఆ యాభై ఏళ్ల తర్వాత పుట్టాడు, అది మన అదృష్టం.

మీ అసలు ప్రశ్నకు వచ్చాను. పాదం తిన్నగా ఉంటే బూట్లు ఇంకా ఎందుకు? పాదాన్ని లోపలికి లాగిన గుణం ఇంకా పోలేదు కాబట్టి. ఆ లిగమెంట్లలో, పిక్క కండరాల చుట్టూ కొల్లాజెన్ ఎక్కువగా తయారయ్యే ధోరణి మూడు నాలుగేళ్ల వయసు దాకా, కొందరిలో ఆ తర్వాత కూడా కొనసాగుతుంది. ఆ ఏళ్లలోనే పాదం శరవేగంగా పెరుగుతుంది. అంటే లోపలికి లాగే బలం రోజూ పనిచేస్తూనే ఉంది, బూట్లు రోజూ దానికి ఎదురు లాగుతున్నాయి. కట్లతో పాదం తిన్నబడింది, తిన్నగా నిలబెడుతున్నది మాత్రం బూట్లే. పాదాలు బయటికి తిరిగి ఉండేలా కడ్డీ పట్టుకుంటుంది. మోకాళ్లు వదులుగానే ఉంటాయి కాబట్టి బాబు కాళ్లు ముడిచి చాపినప్పుడల్లా పిక్క కూడా సాగుతుంది. నిద్రలో ఒకేచోట గంటల తరబడి అలా ఉండడమే ఇక్కడ మందు.

మరి పగలు మెలకువగా ఉన్నప్పుడు ఎందుకు విప్పి ఉంచమన్నారు? అదీ వైద్యమే. మీ నాన్నగారిని అడగండి, కర్రకు బిగించి కట్టి గాలికి ఊగనివ్వని మొక్క కాండం సన్నగా ఉండిపోతుంది. ఎముక తనమీద పడే బరువును బట్టి తనను తాను కట్టుకుంటుందని 1892లోనే జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు రాశారు. అంతరిక్షంలో కాళ్ల మీద బరువు పడని వ్యోమగాములకు తుంటి లాంటి చోట్ల ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. బాబు పగలు తన్నాలి, పాకాలి, త్వరలో మంచం కోడు పట్టుకుని నిలబడాలి. ఆ బరువు, ఆ కదలిక ఎముకలకూ కండరాలకూ కావాలి. బూట్ల వల్ల నడక ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొందరు పిల్లలు కాస్త ఆలస్యంగా నడుస్తారు, అంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. బూట్లు పూర్తిగా మానేయడం ఒకటి. ఇల్లు ప్రశాంతమవుతుంది, అత్తగారు సంతోషిస్తారు, బాబు కొన్ని నెలలు హాయిగా నిద్రపోతాడు. ఆ తర్వాత మడమ కొద్దిగా పైకి లేవడం, పాదం ముందు భాగం లోపలికి తిరగడం మొదలుకావచ్చు. పొన్సెటి పద్ధతి పాటించే వైద్యులు తమ దగ్గరి పిల్లల లెక్క చూసుకున్నప్పుడు, బూట్లు సరిగా వాడినవాళ్లలో 6 శాతం మందికి వంకర తిరగబెట్టింది, వాడనివాళ్లలో 80 శాతానికి పైగా. తిరగబెడితే అంతా అయిపోయినట్టు కాదు, మళ్లీ కొన్ని కట్లు వేస్తారు. కాస్త పెద్దయ్యాక అయితే ఒక టెండన్‌ను చోటు మార్చే ఆపరేషన్ కూడా కావాల్సి రావచ్చు. అప్పుడు పిల్లాడికి ఊహ తెలిసి ఉంటుంది, ఏడుపు ఇప్పటికంటే పెద్దది.

రెండోది ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది: వేయడం, ఏడిస్తే విప్పడం. ఇది మధ్యేమార్గంలా కనిపిస్తుంది గానీ నాకు అన్నిటికంటే కష్టమైనదిగా తోస్తోంది. రాత్రి పన్నెండు గంటలు, పగటి నిద్రల్లో రెండు నుంచి నాలుగు గంటలు ఉండాల్సిన బూట్లు మూడు నాలుగు గంటలకు పడిపోతాయి. పైగా ఏడిస్తే విప్పుతారని బాబు చాలా తొందరగా నేర్చుకుంటాడు, కాబట్టి ప్రతి రాత్రీ ఏడుస్తాడు. ఏడుపూ భరించి, ఫలితమూ పోగొట్టుకున్నట్టవుతుంది.

మూడోది రోజూ తప్పకుండా వేయడం. మొదటి కొన్ని రాత్రులు కష్టం, దాచను. కానీ చాలామంది తల్లుల అనుభవం ఏమిటంటే, ఒక రాత్రి కూడా మినహాయింపు లేకపోతే పిల్లలు అలవాటు పడతారు, కొందరైతే బూట్లు లేకుండా నిద్రపోరు. ఏడుపు చాలాసార్లు నొప్పి వల్ల రాదు, రెండు కాళ్లూ విడివిడిగా ఆడించలేని చిరాకు వల్ల వస్తుంది. బూట్లు వేసిన కొద్దిసేపు కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లూ ఒకేసారి ముడిచి చాపుతూ ఆడించండి. రెండు కాళ్లతో కలిపి తన్నడం వస్తే కోపం తగ్గుతుంది. ఈ ఆట అత్తగారికి అప్పజెప్పండి, నీళ్లు పోసి కాళ్లు ఆడించిన చేయి ఆమెది, మీకంటే బాగా చేస్తారు.

అయితే ఏడుపు నిజంగా నొప్పిదా కాదా అన్నది మీరే చూడాలి. బూటు విప్పాక చర్మం మీద లేత గులాబీ రంగు గుర్తులు కాసేపట్లో పోతే ఫర్వాలేదు. ఎర్రగా కమిలినా, మడమ వెనక బొబ్బ లేచినా చాలాసార్లు బూటు వదులుగా ఉండి పాదం లోపల జారుతోందని అర్థం. అందరూ అనుకునేదానికి ఇది తలకిందులు, వదులు చేస్తే ఇంకా పుండవుతుంది. మడమ బూటు అడుగుకు పూర్తిగా ఆనిందా అని చూసి, మధ్య పట్టీ ముందుగా బిగించండి. లోపల నూలు మేజోళ్లు వేయండి. కమిలిన చోట నూనె గానీ క్రీమ్ గానీ రాయకండి, చర్మం మెత్తబడి ఇంకా రాసుకుంటుంది. పాదం మాటిమాటికీ బయటికి జారిపోతుంటే అది అల్లరి అనుకోకుండా డాక్టర్‌కు చూపించండి, అప్పటికే మడమ కాస్త పైకి లేచిందేమో చూస్తారు. కడ్డీకి మెత్తటి గుడ్డ చుట్టండి, మీ ఒంటికీ దెబ్బ తగలదు.

పాపం అన్న మాట రాశారు. పిల్లాడి ఏడుపు వింటూ మీరు రోజూ ఎంత నలిగిపోతున్నారో ఉత్తరంలో ప్రతి లైనులో కనిపించింది. అయినా నా మాట చెబుతాను, నేనైతే మూడో దారే పడతాను. ఎందుకంటే ఈ కణజాలం ఇంత తేలిగ్గా లొంగే వయసు మళ్లీ రాదు. నిర్ణయం మాత్రం మీ ఇంట్లో ఉండే మీదే.

అత్తగారి సంగతి. ఆమె శత్రువు కాదు, అర్ధరాత్రి లేచేంత ప్రేమ ఉన్న మనిషి. ఆమెతో వాదించడం కంటే ఆమెను వైద్యంలోకి తీసుకురావడం మేలనిపిస్తోంది. తర్వాతి చెకప్‌కు మీరొక్కరే వెళ్లకుండా ఆమెను వెంట తీసుకెళ్లండి. అక్కడ ఓపీలో ఇదే బూట్లు వేసుకున్న మరికొందరు పిల్లలు, వాళ్ల నాయనమ్మలు కనిపిస్తారు. మీరు వంద మాటలు చెప్పినా రాని నమ్మకం ఆ బెంచీ మీద రావచ్చు. మీ ఆయనతో కూడా ఒక మాట. కువైట్ నుంచి ఆయన మీకు వేరుగా, వాళ్లమ్మకు వేరుగా చెబుతున్నారు కాబట్టి మీ ఇద్దరి మధ్యా గొడవ నడుస్తోంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నప్పుడు వీడియో కాల్ చేసి, "అమ్మా, రాత్రి బూట్లు విప్పొద్దు" అని ఒక్కసారి ఆయన నోటితో చెబితే చాలు. ఆ మాట మీరు అనేకంటే కొడుకు అంటేనే ఆమెకు తక్కువ బాధ.

ఇవన్నీ చేసినా కుదరకపోతే కొన్ని వారాలు కడియంలో ఉండడం ఇంకో దారి. బాబుకి బూట్లు అలవాటయ్యేదాకా నాన్నగారి అండ దొరుకుతుంది. కానీ కోడలు బిడ్డను తీసుకుని వెళ్లిపోయిందన్న మాట వస్తుంది, తిరిగొచ్చాక అత్తగారు బూట్లను మీ పక్షంగా చూసే ప్రమాదమూ ఉంది. కాబట్టి దీన్ని చివరికి ఉంచుకోండి. వెళ్తే పండగ సాకుతో, ఆమెకు ముందే చెప్పి వెళ్లండి.

పండగ గురించి మీరు పడుతున్న టెన్షన్‌లో సగం అక్కర్లేనిది. బాబు ఇప్పుడు పగలు మెలకువగా ఉన్నప్పుడు బూట్లు వేసుకోడు. భోగిమంటల దగ్గరా, భోగిపళ్లు పోసేటప్పుడూ, చుట్టాలు ఎత్తుకున్నప్పుడూ అందరూ చూసేది వాడి చక్కటి పాదాలనే. బూట్లు కనిపించేది నిద్రపోయేటప్పుడు, ఇంట్లోవాళ్లకే. అందుకోసం పది రాత్రులు వదులుకోవద్దు, ఈ వయసులో పది రోజుల్లోనే పాదం బిగుసుకోవడం మొదలుపెట్టగలదు. తిరిగొచ్చాక బూటు పట్టకపోవచ్చు కూడా. ఎవరైనా చూసి అడిగితే "పుట్టుకతో పాదాలు వంకరగా ఉన్నాయి, సరిచేయించాం, మళ్లీ రాకుండా ఇవి" అని చెప్పండి. ఆ మాట అంత మామూలుగా మీ నోట వింటే రెండో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. పైగా కొత్తగా పుట్టిన పిల్లల్లో ఇలాంటి పాదాలను దాచేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మీ మాట విని ఎవరైనా తమ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు.

ఖర్చు గురించి చివర్లో చిన్నగా అడిగారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా గుర్తించి చికిత్స చేయించాల్సిన పుట్టుక లోపాల జాబితాలో వంకర పాదం ఉంది. బూట్లు సైజు పెరిగినప్పుడల్లా మార్చాలి కాబట్టి, కొత్తవి ఎక్కడ ఎలా ఇస్తారో మీ ఆశా కార్యకర్తనూ, వైద్యం చేయించిన ఆసుపత్రిలోనూ ఇప్పుడే అడిగి ఉంచుకోండి. వేళ్లు బూటు అంచు దాటి బయటికి వంగుతున్నాయంటే సైజు మార్చే సమయం వచ్చినట్టే. ఏడు నెలల పిల్లాడికి ఆ అవసరం ఈపాటికే వచ్చి ఉండొచ్చు. పండగ సెలవుల్లో ఓపీ ఉండదు కాబట్టి, భోగికి కనీసం వారం ముందే అత్తగారితో కలిసి ఒకసారి వెళ్లిరండి, కడ్డీ పొడవు బాబు భుజాల వెడల్పుకు సరిపోతోందా అన్నది కూడా అప్పుడే చూపించుకోండి.